ఉద్యోగం మానకండి, ఆ పెద్ద జాడీ కథతో మొదలుపెట్టండి

పాఠకురాలి ఉత్తరం: "మాది ప్రకాశం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత అంతా ఇంగ్లీషే. మాస్టర్స్ కోసం ఐదేళ్ళ కిందట ఇటలీ వచ్చాను, పాదువాలో చదివాను. ఇప్పుడు మిలాన్‌లో ఉద్యోగం. మొదట్లో బతకడానికి నేర్చుకున్న ఇటాలియన్ ఇప్పుడు నాకు వ్యసనం అయింది, రాత్రి నాలుగు పేజీలు చదవకపోతే నిద్ర పట్టదు. ఈమధ్యే వచ్చిన ఒక నవలని తెలుగులోకి నలభై పేజీలు చేశాను. ఉద్యోగం మానేసి ఏడాది పాటు ఇదే పని మీద కూర్చోవాలని ఉంది. అమ్మకి చెప్తే 'ఇటలీ కథలు తెలుగులో ఎవరు చదువుతారే?' అంది. ఫోన్ పెట్టేశాక గది బావురుమంది. ఆఫీసులో ఫ్రెండేమో 'ఇదంతా రేపు ఏఐ చేసేస్తుంది, నీకెందుకీ శ్రమ' అంటున్నాడు. అసలు నా తెలుగు ఈ పనికి సరిపోతుందా అని ఒక టెన్షన్. ఏం చేయమంటారు?"

సమాధానం:

అమ్మా,

ముందు అడిగినదానికి సూటిగా చెప్పేస్తాను. ఉద్యోగం మానకండి. అనువాదం ఆపకండి.

మానొద్దనడానికి మొదటి కారణం మీకూ తెలుసు. మీ పెర్మెస్సో, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కాగితం, ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గడువిస్తారు, నిజమే. కానీ ఒకపక్క ఇంటి అద్దె, ఇంకోపక్క కాగితాల కోసం క్వెస్తూరా, అంటే పోలీసు కార్యాలయం, చుట్టూ తిరగడం, ఈ రెంటి మధ్యా ఒక వాక్యం కుదరలేదని పూటంతా దాని ముందు కూర్చోగలరా? ఈ పనికి తీరిక కన్నా ముందు నిబ్బరం కావాలి. నెల జీతం ఇచ్చే నిబ్బరాన్ని తక్కువ చేయకండి. నేను ఇరవై ఏళ్ళుగా ఇటాలియన్ కథలు తెలుగు చేస్తున్నాను. పగలు కాలేజీలో పాఠాలు, తెల్లవారుజామున రెండు గంటలు ఇది. నాకు తెలిసిన తెలుగు అనువాదకుల్లో దీని మీదే ఇల్లు గడుపుతున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇది తెలుగు దౌర్భాగ్యం అనుకోకండి. ఇటాలియన్ నుంచి ఇంగ్లీషులోకి చేసినవాళ్ళలో నేను గురువులుగా తలచుకునే ఇద్దరి సంగతీ ఇంతే. విలియం వీవర్ అమెరికన్, 1923లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అంబులెన్సు డ్రైవరుగా ఇటలీ వెళ్ళి ఆ దేశంతో ప్రేమలో పడ్డారు. కాల్వీనో, ఎకో, గద్దా, మొరావియా, ఎల్సా మొరాంతే, ఇంతమంది ఇటాలియన్ రచయితలని ఇంగ్లీషు పాఠకులకు అందించారు. కాల్వీనో కథలకు చేసిన అనువాదానికి 1969లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. అంతటాయన కూడా ఒపేరా మీద పుస్తకాలు, వ్యాసాలు రాస్తూ వచ్చారు. 1983లో ఎకో నవల ఇంగ్లీషులో విపరీతంగా అమ్ముడుపోయాక వచ్చిన డబ్బుతో టస్కనీలో తన ఇంటికి కొత్తగా ఒక భాగం కట్టించుకుని, దానికి ఆ రచయిత పేరే కలిపి 'ఎకో ఛేంబర్' అని పిలుచుకున్నారు.

రెండో ఆవిడ ఆన్ గోల్డ్‌స్టైన్. ఎలెనా ఫెర్రాంతే నేపుల్స్ నవలలని 2012 నుంచి 2015 దాకా వరసగా ఇంగ్లీషు చేసింది ఈవిడే. ఆ సంవత్సరాలన్నీ ఆవిడ న్యూయార్కర్ పత్రికలో కాపీ ఎడిటింగ్ విభాగం చూస్తూనే ఉన్నారు. ఇటాలియన్ ఆవిడకి చిన్నప్పటి భాషేమీ కాదు. ముప్పై దాటాక, ఆఫీసులో కొలీగ్స్‌తో కలిసి ఇటాలియన్ మహాకవి దాంతేని మూలంలో చదవాలని మొదలుపెట్టారు. మొదటి అనువాదం అచ్చయింది 1992లో. పేరు ఇంటింటా తెలిసింది ఇంకో ఇరవై ఏళ్ళకి. మీకింకా ముప్పై రాలేదనుకుంటాను. తొందరేం లేదు.

ఇక మీ తెలుగు గురించి. "గది బావురుమంది" అని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. అమ్మ మాట గుచ్చుకుంది, ఫోన్ ఆగిపోయింది, పరాయి ఊళ్ళో ఒంటరి గది. ఇదంతా ఒక్క మాటలో వచ్చేసింది. ఆ మాట రాసిన మనిషికి తెలుగు రాదంటే నేను నమ్మను. మీకు లేనిది పుస్తకం తెలుగు. అది చదివితే వస్తుంది. ఉన్నది ఇంట్లో తెలుగు. అది లేనివాళ్ళకి ఎంత చదివినా రాదు. కానీ ఐదేళ్ళుగా ఆ తెలుగు వారానికి రెండు ఫోన్ కాల్స్ మీద బతుకుతోంది. మీ ఇటాలియన్‌కి రోజూ మేత పడుతోంది, తెలుగుకి పడటం లేదు. కాబట్టి నిద్రపోయే ముందు ఆ నాలుగు ఇటాలియన్ పేజీలతో పాటు రెండు తెలుగు పేజీలు, అదీ పైకి, నోరు తెరిచి చదవండి. అనువాదకురాలు అయ్యేదీ కానిదీ తేలేది తాను రాసే భాషలోనే. మూలభాషలో సందేహం వస్తే పక్కింటివాళ్ళని అడగవచ్చు. తెలుగు వాక్యం నడక తప్పితే చెప్పేవాళ్ళు మిలాన్‌లో మీకు దొరకరు.

మీరు నేరుగా ఇటాలియన్ నుంచి చేస్తున్నారన్న మాట చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మనకు ఆ సాహిత్యం దాదాపుగా ఇంగ్లీషు మీదుగానే వచ్చింది. దానివల్ల ఏం పోతుందో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక కథని ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. ఒక టీచరు, ఆవిడ ఇంటి పైగదిలో అద్దెకుండే ఒకతను. ఇంగ్లీషులో అంతటా 'యూ'నే. వాళ్ళ చనువు చూసి మొదటి నుంచీ ఇద్దరి చేతా 'నువ్వు' అనిపించాను. అచ్చయిపోయింది. ఏడాది తర్వాత మూలం దొరికితే చదివాను. కథంతా వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు 'లేయి' అనే, అంటే మీరు అనే, పిలుచుకుంటారు. ఆఖరి పేజీలో, మెట్ల మీద, అతను పెట్టె పట్టుకుని దిగుతుంటే ఆవిడ ఒక్కసారి 'తూ' అంటుంది. రచయిత ఆ కథంతా రాసుకుంటూ వచ్చింది ఆ ఒక్క 'నువ్వు' కోసం. నేను దాన్ని మొదటి పేజీలోనే ఖర్చుపెట్టేశాను. మన భాషలో నువ్వూ మీరూ రెండూ ఉండి, ఆ తేడాకి ప్రాణం పెట్టే మనుషులం అయి ఉండి, ఇంగ్లీషు గుండా వెళ్ళి దాన్ని పోగొట్టుకున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఇటాలియన్‌లో 'అందావా' అంటే వెళ్ళేవాడు, 'అందో' అంటే వెళ్ళాడు. రోజూ జరిగేదానికీ ఒకసారి జరిగిందానికీ ఉన్న ఆ తేడా మన క్రియలో సిద్ధంగా ఉంది. 'బో!' అని భుజాలెగరేస్తారు చూశారా, అది మన 'ఏమో!' 'కాజాచ్చా' అంటే పాడు ఇల్లు అని రాయక్కర్లేదు, మనకి 'కొంప' ఉంది. 'ఓర్మాయ్' అనే చిన్న మాట ఇంగ్లీషువాళ్ళని ఎంతో ఇబ్బంది పెడుతుంది. మనం 'ఇంకెక్కడ', 'ఇంకేముంది' అంటాం, సరిపోతుంది.

కుదరనివీ ఉన్నాయి. ఇటాలియన్‌లో 'దిస్సే' అంటే చాలు, అన్నది ఆడో మగో క్రియలో తెలియదు. మనకి అన్నాడా, అందా, అన్నారా తేలాలి. మగవాడైతే వాడా, అతనా, ఆయనా అన్నది ఇంకో ప్రశ్న. మూలంలో లేని మర్యాదనో చిన్నచూపునో మనం కలపక తప్పదు. అందుకే పని మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద పాత్రలన్నీ రాసుకుని ఎవరు ఎవరిని ఏమంటారో, కథకుడు ఎవరిని ఏమంటాడో తేల్చుకోండి. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం 'లేయి' వాడొద్దు, 'వోయి' అనండి అని ఆంక్ష పెట్టింది. ఆ కాలం నవలల్లో పిలుపు కూడా రాజకీయమే. ఇటలీ దక్షిణాదిలో మాత్రం 'వోయి' పాతకాలపు పల్లెటూరి మర్యాద. మనకి రెండూ 'మీరు' అయిపోతాయి. ఒకచోట 'తమరు' పెట్టి చూశాను, జమీందారు కచేరీలా వినిపించింది. తీసేశాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఆ నవల పక్కన పెట్టి లుయీజీ పిరాండెల్లో కథ ఒకటి తీసుకోండి, పేరు 'లా జారా'. ఆయన సిసిలీవాడు, 1934లో నోబెల్ వచ్చింది, 1936లో పోయారు. కథ చిన్నది. దోన్ లోలో అనే భూస్వామి ఆలివ్ నూనె పోయడానికి మనిషి ఛాతీ దాకా వచ్చే మట్టి జాడీ ఒకటి కొంటాడు. ఎలాగో అది పగిలిపోతుంది. అతుకులు వేసే ముసలాయన జీ దిమా వచ్చి, లోపలికి దిగి జిగురు రాసి, తీగతో కుట్లు వేసి బాగుచేస్తాడు. తీరా చూస్తే మూతి ఇరుకు, బయటికి రాలేడు. ఆయన బయటికి రావాలంటే జాడీ పగలాలి. జాడీ పగిలితే డబ్బెవరిస్తారు? ఆ తగువు ఎలా తీరిందో మీరే చదువుకోండి.

దీన్ని నేను మూడుసార్లు చేశాను. చెవికి దగ్గరగా ఉందని మొదట 'జారా'ని జాడీ అనేశాను, పైన కూడా అదే రాశాను. కానీ జాడీ అంటే మనకి ఆవకాయ జాడీ, అందులో మనిషి పట్టడు. బాన అనుకున్నాను. బాన మూతి వెడల్పు, ముసలాయన సులువుగా లేచి వచ్చేస్తాడు. గోలెం అన్నా అదే చిక్కు. మూతి ఇరుకు కాకపోతే కథే లేదు.

దోన్ అనే గౌరవపదాన్ని 'డాన్' అని రాస్తే మన పాఠకుడికి సినిమా గుర్తొస్తుంది. దొర అంటే తెల్లవాడో జమీందారో కళ్ళ ముందు నిలబడతాడు. చివరికి 'లోలో కామందు' అన్నాను. కూలీలు తమ రైతుని పిలిచే పిలుపు అది, పొలం వాసన వస్తుంది. ప్రతి చిన్నదానికీ లాయరు దగ్గరికి పరిగెత్తే ఆ మనిషికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టి ఉంచారు: కోర్టుపక్షి. 'జీ' అంటే 'జీయో', బాబాయో మామో. ఊళ్ళో పెద్ద వయసు పనివాళ్ళని అలా పిలుస్తారు. కానీ కథలో ఆయన కీళ్ళు మెలితిరిగి, పాత ఆలివ్ మొద్దులా ఉంటాడు. అలాంటాయన్ని మన ఊళ్ళో బాబాయ్ అంటామా? తాతా అంటాం. దిమా తాత అయ్యాడు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది 'బదెస్సా' అనే మాట. కొత్త జాడీ నిండు పొట్టతో, దర్జాగా, మిగతా అయిదు జాడీలకీ బదెస్సాలా ఉందంటాడు రచయిత. బదెస్సా అంటే క్రైస్తవ సన్యాసినుల మఠానికి పెద్ద. మొదటిసారి 'మఠాధిపతిలా' అని రాశాను. కాషాయం కట్టుకున్న మగ స్వామీజీ కనిపించాడు. రెండోసారి 'పెద్ద ముత్తైదువలా'. వినడానికి బాగుంది, బొట్టు పెట్టుకుని పేరంటంలో కూర్చున్నట్టుంది. కానీ సన్యాసినికి ముత్తైదువతనం ఎక్కడిది? వారం రోజులు అలా వదిలేశాను. ఒకరోజు మా చెల్లెలు తన చిన్నప్పటి కాన్వెంటు కబుర్లు చెబుతూ 'మదర్ సుపీరియర్ వరండాలోకి వస్తే సిస్టర్లంతా పక్కకి జరిగేవాళ్ళు' అంది. దొరికేసింది! "మిగతా అయిదింటి మధ్యా మదర్ సుపీరియర్‌లా". ఇంగ్లీషు మాటే కదా అని ఒక మిత్రుడు ముఖం చిట్లించాడు. కావచ్చు. కాన్వెంటు బడికెళ్ళిన ఏ తెలుగు పిల్లనైనా అడగండి, ఆవిడని ఇంకే పేరుతో పిలిచేవాళ్ళో.

మీ ఫ్రెండ్‌కి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. యంత్రానికి బదెస్సా ఇస్తే నిఘంటువులో అర్థం ఇస్తుంది, అది తప్పు కాకపోవచ్చు. ఆ వాక్యం నవ్వుతోందో లేదో చూసుకుని, నవ్వకపోతే వారం ఆగాల్సింది మనం. పూర్తయ్యాక ఏదైనా వాక్యం వదిలేశారేమో సరిచూసుకోవడానికి వాడండి, ఫరవాలేదు. మొదటి చిత్తుప్రతి మాత్రం దానిచేత రాయించకండి. దాని వాక్యం ఒకసారి చెవిలో పడితే మీ వాక్యం ఇక రాదు. నేను చూశాను.

యాస గురించి మీరు అడగలేదు కానీ, ఆ నలభై పేజీల్లో ఇప్పటికే తగిలి ఉంటుంది. నేపుల్స్ మాటని గోదావరి యాసలోనో, రోము మాటని తెలంగాణలోనో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. గద్దా నవల నిండా రోము యాస, ఇంకా బోలెడు మాండలికాలు. 1965లో దాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు వీవర్ వాటిని అమెరికా మాండలికాల్లోకి మార్చడం అసంగతమని, మామూలు వాడుక ఇంగ్లీషే వాడారు. నాదీ అదే దారి. గోదావరి యాస రాగానే పాఠకుడికి గోదావరి కనిపిస్తుంది, నేపుల్స్ మాయమవుతుంది. ఫెర్రాంతే అయితే చాలాచోట్ల యాసలో రాయదు, ఫలానా మాట యాసలో అంది అని చెప్పి ఊరుకుంటుంది. అది మనకి పెద్ద వెసులుబాటు.

హక్కుల సంగతి దగ్గర మాత్రం గట్టిగా చెప్తున్నాను. మీరు చేసిన నలభై పేజీలు దాచుకోండి, ఎక్కడా పెట్టకండి. రచయిత పోయాక ఇటలీలో 70 ఏళ్ళు, మన దేశంలో 60 ఏళ్ళు హక్కులుంటాయి. కాల్వీనో 1985లో పోయారు, కాబట్టి ఆయన పుస్తకాలు ఇంకా ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. పిరాండెల్లో, వేర్గా, స్వేవో, సార్డీనియా పల్లెలు రాసి 1926 నోబెల్ తెచ్చుకున్న గ్రాత్సియా దెలెద్దా, వీళ్ళ మూల రచనలు రెండు దేశాల్లోనూ స్వేచ్ఛగా చేసుకోవచ్చు. మీ నవల కావాలంటే ఆ ప్రచురణ సంస్థలో విదేశీ హక్కులు చూసేవాళ్ళకి ఇటాలియన్‌లోనే మర్యాదగా ఒక మెయిల్ రాసి, తెలుగు హక్కులు ఖాళీగా ఉన్నాయా అని అడగండి. ఒప్పందం మాత్రం తెలుగు ప్రచురణకర్త చేసుకోవాలి. ఇటలీ విదేశాంగ శాఖ తమ పుస్తకాల అనువాదానికి ప్రచురణకర్తలకి ఆర్థిక సాయం ఇస్తుంది, మన వాళ్ళు ఢిల్లీలోని ఇటాలియన్ సాంస్కృతిక కేంద్రాన్ని అడిగితే వివరాలు చెప్తారు. మీకు రావాల్సిన ప్రతిఫలం, కవరు మీద మీ పేరు, రెండూ కాగితం మీద రాయించుకోండి. నా మొదటి పుస్తకం నోటిమాట మీద ఇచ్చాను. కవరు మీద నా పేరు లేదు, లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. డబ్బు సంగతి మూడేళ్ళు అడిగి మానేశాను.

అమ్మ మాటకి నొచ్చుకోకండి. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఎవరు చదువుతారు? మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు రష్యన్ నుంచి నేరుగా తెలుగు చేసిన పుస్తకాలు మన ఊళ్ళలో ఎవరు చదివారు? ఎప్పుడూ మంచు చూడనివాళ్ళు చదివారు. ఇప్పటికీ ఆ పాత అట్టల పుస్తకాలు బీరువాల్లో దాచుకున్న ఇళ్ళు నాకు తెలుసు. సిసిలీ మనకి అంతకన్నా దగ్గర. ఎండ, తోట, కూలీలు, ఒక కామందు, ఒక లాయరు. కథ పూర్తయ్యాక ఒక ఆదివారం అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించండి. ఎక్కడ నవ్వింది, ఎక్కడ 'ఆఁ, ఏంటీ?' అని మళ్ళీ అడిగింది, పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మళ్ళీ అడిగిన చోట్లన్నీ తిరగరాయాలి.

నిదానంగా చేయండి, రోజుకి ఒక పేజీ చాలు. ముందు ఒక్క పని పెట్టుకోండి. మీ ఊళ్ళో ఇంకా పెద్దవాళ్ళుంటే, నాయనమ్మో అమ్మమ్మో, అడిగి చూడండి: మనిషి ఛాతీ దాకా వచ్చే మట్టిపాత్ర, పొట్ట నిండుగా, మూతి ఇరుకుగా ఉండేది, నూనో గింజలో పోసుకునేది, దాన్ని ఏమనేవాళ్ళు? నాకింకా ఆ మాట దొరకలేదు. మీకు దొరికితే రాయండి.